రెండు కేకల దూరం

మా స్టూడియోల కుర్చీల వరసకు ఎదురుంగ ఒక పెద్ద ఫోటో ఉన్నది. పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చినోళ్ళు తల దువ్వుకుంటనే దాన్ని చూస్తరు. తాటాకు కప్పిన మట్టి ఇల్లు, పక్కన తీగ మీద ఆరేసిన ఎర్ర చీర, ఇంటి వెనకాలనే, చెయ్యి చాపితే కొమ్ము అందేటంత దగ్గర్ల, నల్లటి అడవిదున్న. కింద బంగారు రంగు అక్షరాలతోటి 'పెరట్లో అడవిదున్న' అని ఉంటది. ఆ పేరు నేనే పెట్టిన. నా చెయ్యి పడిపోను, నేనే పెట్టిన.

నాది పెండ్లి ఫోటోల పని. పెనుబల్లిల స్టూడియో. ఇరవై ఏండ్ల నుంచి ఎవరి పెండ్లికి పోయినా ఒకటే కథ. తాళి కట్టే టైముకు నా ముందర నలభై ఫోన్లు లేస్తయ్. "అమ్మా, జర పక్కకు జరగండి" అంటే, "నువ్వు పైసలు తీసుకొని తీస్తున్నవ్, మేం ప్రేమతోటి తీస్తున్నం" అన్నది ఒక పెద్దమ్మ. పెండ్లికొడుకు మామకు నా మొహం నచ్చకపోతే భోజనం దగ్గర కూడ ఆఖరి బంతి. విసుగు పుట్టింది. మనుషులు లేని ఫోటో ఒక్కటన్నా తియ్యాలె, దాన్ని చూసి నన్ను ఎవడన్నా 'ఆర్టిస్టు' అనాలె అని ఒక పిచ్చి పట్టింది. పిచ్చే, దానికి వేరే పేరు లేదు.

రెండు కెమెరాలు, ఒక డ్రోన్ అమ్మేసి హైదరాబాదుల ఎవరో వాడి వదిలేసిన ఆరు వందల ఎమ్మెమ్ పొడుగు లెన్సు తెచ్చుకున్న. పసిపిల్లనెత్తుకున్నట్టు రెండు చేతులతోటి ఎత్తుకోవాలె. ముందరి అద్దం ఇంట్ల అన్నం గిన్నె మూతంత ఉంటది. మా ఆవిడ దాన్ని చూసి, "ఇదేందయ్యా, బోరు పైపు ముక్క తెచ్చినవ్?" అన్నది. నేను కోపంగ చూస్తే, "సరే తియ్, పక్కింటోళ్ళ ఇంట్ల ఏం కూరనో చూసి చెప్పు" అని నవ్వుకుంట పోయింది.

దాని గుణం ఏందో నాకు మొదటి నెలలనే తెలిసింది. ఆ సంగతి ముందే చెప్పాలె, ఎందుకంటే తర్వాత నేను తెలవక చేసిన అని ఎవరూ అనుకోవద్దు. వేంసూరు దిక్కు ఒక ఊళ్ళె వాలీబాల్ పోటీలైతే, ఆ లెన్సు పట్టుకొని చానా దూరంల కూసున్న. ఒక పిల్లగాడు ఎగిరి బంతి కొట్టిండు. ఫోటోల చూస్తే వాని మోచెయ్యి, వెనకాల ఎక్కడో కుర్చీల కూసున్న సర్పంచి ముక్కు మీద ఉన్నది. ఇద్దరి నడుమ సగం గ్రౌండు ఉన్నది నిజానికి. ఫోటోల మాత్రం గుద్దినట్టే. వాట్సాప్ గ్రూపుల పెడితే ఊరు ఊరంతా నవ్వింది, సర్పంచి మాత్రం నాలుగు రోజులు నాకు ఫోన్ చేసి తిట్టిండు. అంత పొడుగు లెన్సుతోటి దూరం నుంచి తీస్తే ముందరున్నదీ వెనకున్నదీ ఒకదాన్నొకటి అతుక్కపోతయ్. నడుమ ఉన్న జాగ మాయమైతది. లెన్సు తప్పు కాదు, దాని పని అదే. చూసేటోనికి చెప్పాలె, అంతే. చెప్పుడు నా పని.

పర్ణశాల దాటి లోపలికి పోతే ఒక కోయగూడెం ఉన్నది. అక్కడ ఒకాయన పరిచయమయ్యిండు. నాకంటే పదేండ్లు పెద్ద. పక్షుల కోసం గోదారి ఒడ్డున తిరుగుతుంటే చాయ్ బండి కాడ ఎవరో చెప్పిన్రు, అడవిల ఏది ఎక్కడుంటదో ఆయనకు తెలుసని. పోయి అడిగితే నన్ను పైకీ కిందికీ చూసి, లెన్సు సంచి భుజానికి తగిలించుకొని, "బరువున్నది సారూ, మీరు మొయ్యలేరు" అన్నడు. అడవి మొదట్ల ఒక రాయి కాడ ఆగి, అడవితల్లికని ఆకుకొమ్మ విరిచి పెట్టిండు. నన్నూ పెట్టమన్నడు. పెట్టిన. అట్ల రెండేండ్లు ఆయన వెంట తిరిగిన. మొదట్ల 'సారూ' అన్నోడు, ఎప్పటినుంచో గుర్తు లేదు, 'తమ్మీ' అనుడు మొదలుపెట్టిండు. నేను 'అన్నా' అన్న. నాకు తోడబుట్టినోళ్ళు లేరు. ఆ పిలుపు నాకు ఎంత తియ్యగ ఉండేదో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గయితాంది.

ఆయనకు ఇల్లు, ఇంటి వెనక మూడెకరాల పోడు చేను, చేను అంచున వాగు. వాగు అవతల అడవి. వాళ్ళ నాయన కాలం నుంచి ఆ చేనే. పట్టా మాత్రం లేదు. పట్టా కావాలె, అది ఒక్కటి చేతికొస్తే చాలు, చచ్చిపోయినా ఫర్వాలేదు అనేటోడు. మాట్లాడితే అదే ముచ్చట. నేను పిట్టలు చూస్తుంటే ఆయన పట్టా గురించి చెప్పేటోడు, నేను 'ఊ' కొట్టేటోన్ని.

దూరం ఆయన కేకలల్ల కొలిచేటోడు. ఆ గూడెం అలవాటే అది. చేలల్ల అడవిపందులు పడకుండ మంచెలు కట్టి కాపలా కాస్తరు. ఒక మంచె మీదోడు కేకేస్తే పక్క మంచె మీదోనికి వినబడాలె, ఆయన మళ్ళ బదులు కేకెయ్యాలె. వినబడనంత దూరం మంచె కట్టరు. అట్ల ఆ చివరిదాక కేక అందుకుంట పోతది. "ఇంటికాడికెల్లి వాగు ఒక కేక. వాగుకాడికెల్లి ఆ మద్దిచెట్టు ఇంకో కేక" అని చెప్పేటోడు. నేను నవ్వి, "మీటర్లల్ల చెప్పన్నా" అంటే, "మీటరు నా కష్టానికొస్తదా తమ్మీ? పంది వస్తే మీటరును పిలువాల్నా?" అన్నడు.

ఆయన భార్యను వదినా అనేటోన్ని. ఒకసారి చేన్ల చిక్కుడు తీగ మీద లేత కాయ తెంపి నోట్లె పెట్టుకోబోతే, ఉరికొచ్చి నా చేతిల నుంచి గుంజుకున్నది. "పండుగ చెయ్యకుండ కొత్తకాయ ముట్టద్దు, నీకు బుద్ధి లేదా?" అని కసిరింది. గూడెం తల్లికి పెట్టినంకనే ఎవరన్నా తినాలె, అది వాళ్ళ పద్ధతి. ఆ ఏడు కొత్తల పండుగకు నన్ను పిలిచిన్రు. కొత్త చిక్కుళ్ళ కూర మొదటి ముద్ద నా ఆకుల పెట్టిన్రు. నేను ఫోటోలు తీసిన పెండ్లిళ్ళల్ల నాకెవరూ మొదటి ముద్ద పెట్టలె, ముందే చెప్పిన గదా.

ఆ ఫోటో దొరికిన పొద్దు రాత్రంతా వాన పడి తెల్లారింది. ఇంటికి ఇవతల, బాగ దూరంల ఉన్న మిట్ట మీద నేనూ ఆయనా బోర్లా పడుకోని ఉన్నం. ఎదురుంగ కింద ఆయన ఇల్లు, దాని వెనక చేను, చేను దాటి పల్లంల వాగు, వాగు అవతల గడ్డి. ఎండ పసుపు తిరుగుతాంది. అప్పుడు వాగు అవతల మద్దిచెట్టు కాడి గడ్డిలకు ఆ దున్న వచ్చి నిలబడ్డది. లెన్సు తిప్పబోతే నా వేలు జారింది. ఆయన గుసగుసగ, "గాబరా పడకు తమ్మీ. అది వాగు దాటదు. మా నాయన చిన్నప్పటినుంచి ఒక్క దున్న కూడ వాగు దాటి మా దిక్కు రాలె" అన్నడు. నేను ఫోటోలు కొడుతనే ఉన్న. తల తిప్పింది, ఇటు చూసింది, పోయింది.

కెమెరా తెర మీద చూపించిన. ఆయన కండ్లు చిన్నగ చేసుకొని చాన్నేపు చూసిండు. తర్వాత పకపక నవ్విండు.

"మా వాగు ఏమయ్యింది తమ్మీ? నీ డబ్బా మింగిందా?"

నిజమే. వాగు పల్లంల ఉన్నది గదా, లెన్సుకు కనబడలె. చేను సన్నటి ఆకుపచ్చ గీత లెక్క అయిపోయింది. దున్న ఇంటి పెరట్ల నిలబడ్డట్టే ఉన్నది. వాలీబాల్ కథ చెప్పిన. "అబ్బో, గట్టిదే నీ డబ్బా" అని మళ్ళ నవ్విండు. ఆ నవ్వు చూసి నేనూ నవ్విన.

పోటీకి పంపిన. పోటీ వాళ్ళు ఫోటోకు పేరు రాయమన్నరు, రెండు ముక్కలు కథ రాయమన్నరు. 'వాగుకు అవతల అడవిదున్న, ఇవతల ఒక ఇల్లు' అని రాస్తే ఎవడు చూస్తడు? ఫోటోల వాగే లేదాయె. 'పెరట్లో అడవిదున్న' అని రాసిన. కింద కథల, దున్న రోజూ పొద్దున ఆ ఇంటి వెనక చేన్లె మేసి పోతది, ఇంటోళ్ళు దానికి అలవాటు పడ్డరు అని కూడ రాసిన. రాసుకుంటుంటే నాకే మస్తుగ అనిపించింది. మొదటి బహుమతి వచ్చింది.

పెద్ద సైజుల ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, కింద బంగారు అక్షరాలు వేయించి అన్నకు తీసుకపోయి ఇచ్చిన. వదిన దాని ముందర నిలబడి, "చీర ఉతికింది నేను, ఆరేసింది నేను, పేరు దున్నకొచ్చింది" అన్నది. ఇంట్ల దేవుని మూలకు ఎదురుంగ కట్టుకున్నరు.

అప్పుడే పోడు పట్టాల కోసం సర్వే వాళ్ళు గూడేలు తిరుగుతున్నరని తెలిసింది. ఇక్కడ ఉంటున్నం, ఇక్కడ దున్నుకుంటున్నం అని రుజువు చూపియ్యాలె. అన్న నన్నడిగిండు. "కాయితాలు ఏం లేవు తమ్మీ. ఏం చూపియ్యాలె?"

నేను, ఈ తెలివిగల్లోన్ని, కాలు మీద కాలేసుకోని, "ఏం కాయితమన్నా? గోడ మీద ఉన్నది గదా! ఇల్లున్నది, చేనున్నది, వదిన చీర కూడ ఉన్నది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలె? పైగా ప్రైజొచ్చిన ఫోటో" అన్న. ఆయన మొహం వెలిగింది. సర్వే వాళ్ళు వచ్చిన రోజు ఫ్రేము గోడ మీంచి దించి, తుడిచి, రెండు చేతులతోటి పట్టుకోని వాళ్ళకు చూపించిండంట. ఇగో నా ఇల్లు, ఇగో నా చేను అని.

ఆ సాయంత్రం ఫోన్ చేసిండు. గొంతు వేరే ఉన్నది.

"వాళ్ళు కిందున్న అక్షరాలు చదివిన్రు తమ్మీ. పెరట్లనే దున్న తిరుగుతాందని మీరే రాసుకున్నరు గదా, ఇది జంతువుల జాగ, పట్టా ఎట్లొస్తది అన్నరు. ఫోన్ల నీ పోటీ కథ కూడ తీసి చదివిన్రు. రోజూ చేన్లె మేస్తదని ఉన్నదంట గదా? అట్ల రాసినవా?"

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్న.

"రెండు కేకల దూరం అని చెప్పిన. వాగున్నది అని చెప్పిన. ఫోటోల లేదు గదా అని నవ్విన్రు. మాపటికి మళ్ళ వాళ్ళల్లనే ఒకాయన మంచిగ చెప్పిండు, ఫోటో తీసినాయన్ను తీసుకొచ్చి, దూరం ఉన్నది, నేను రాసింది తప్పు అని చెప్పిస్తే చూస్తం అన్నడు. గురువారం భద్రాచలంల విచారణ. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తే చాలు తమ్మీ."

గురువారం. అదే గురువారం ఖమ్మంల ఆ ఫోటోకే నాకు సన్మానం. ఇంకో తీరు చెప్పలేను, అదే రోజు పడ్డది. సన్మానం ఎగ్గొట్టి భద్రాచలం పోవచ్చు. పోయి, నేను రాసింది అబద్ధం అని సంతకం పెడితే? ప్రైజు పోతది. గ్రూపులల్ల నలుగురు నవ్వుతరు. 'పెండ్లి ఫోటోలోడు పెండ్లి ఫోటోలోడే' అంటరు. ఆ ఒక్క మాటకు భయపడ్డ. ఆయనకు మూడెకరాలు, నాకు ఒక మాట.

"గురువారం పెద్ద పెండ్లి ఆర్డరున్నదన్నా" అన్న. "అడ్వాన్సు తీసుకున్న. వేరే రోజు పెట్టమను, తప్పకుండ వస్త."

"అట్లనా" అన్నడు. "పెండ్లంటే మళ్ళ తప్పిపోతది గదా. సరే తమ్మీ. నేను అడిగి చూస్త" అన్నడు. నన్ను నమ్మిండు. తిట్టినా బాగుండు.

గురువారం స్టేజీ మీద శాలువా కప్పిన్రు. ముఖ్య అతిథి మైకుల, "అంత దగ్గరగా ఎలా తీశారండీ, భయం వెయ్యలేదా?" అని అడిగిండు. "వేసింది సార్, కానీ ఫోటో ముఖ్యం గదా" అన్న. చప్పట్లు. ఆ చప్పట్లల్ల జేబుల ఫోన్ వణుకుతాంది. తీసి చూసిన, అన్న నంబరు. మళ్ళ జేబుల పెట్టుకున్న. మూడుసార్లు చేసిండు. మూడోసారి నేను నవ్వుకుంట గ్రూపు ఫోటోకు నిలబడ్డ.

ఆ తర్వాత ఆయన ఎన్నడూ ఫోన్ చెయ్యలె. నేనూ చెయ్యలె. రేపు పోత, ఎల్లుండి పోత అనుకుంట పెండ్లిళ్ళ సీజను అయిపోయింది, ఎండలు అయిపోయినయ్. రాత్రిళ్ళు పడుకుంటే మా ఆవిడ, "ఏందయ్యా గోడ దిక్కు చూస్తున్నవ్?" అనేది. చివరికి ఆమెకే చెప్పిన. పొద్దున లేచి, తెల్లకాయితం, పెన్నూ తెచ్చి నా ముందర పెట్టింది. రాసిన. లెన్సు సంగతి, వాగు సంగతి, నేను అబద్ధం రాసిన సంగతి, అంతా రాసి కింద సంతకం పెట్టిన. చిన్న లెన్సు కూడ సంచిల వేసుకున్న, ఇల్లూ వాగూ దున్న నిలబడ్డ జాగా అన్నీ నిజం దూరంల కనబడేటట్టు ఒక ఫోటో తీద్దామని.

వానలు పడ్డంక పోయిన. ఇల్లు ఉన్నది. ఇంటి వెనకాల పొడుగూతా కందకం తవ్వి ఉన్నది. కందకం అవతల, చేను జాగల, వరసగ ఫారెస్టోళ్ళ మొక్కలు నాటి ఉన్నయ్. చిక్కుడు పందిరి గుంజలు రెండు అట్లనే నిలబడి ఉన్నయ్, తీగ లేదు. వాగు మోత వినబడుతాంది.

అన్న అరుగు మీద కూసున్నడు. నన్ను చూసి లేచిండు. "రాండ్రి సారూ" అన్నడు.

నేను అక్కడనే ఆగిపోయిన. "వదిన ఏదన్నా?" అన్న.

"నాట్ల కూలికి పోయింది సారూ. నేనూ రేపటి నుంచి పోవాలె." చెంబుతోటి నీళ్ళిచ్చిండు. తాగిన. "ఈ ఏడు కొత్తల పండుగ చెయ్యం సారూ. అందుకే మిమ్ముల పిలుస్తలేం. కొత్తది పండితే గదా" అన్నడు, నేను అడిగినట్టు.

కాయితం తీసిన. "అంతా రాసుకొచ్చిన అన్నా. తప్పు నాదే అని రాసిన. పోదాం పా, ఇప్పుడే పోదాం. మళ్ళ అప్పీలు పెడదాం."

ఆయన కాయితం తీసుకోలె. అట్లనే చూసిండు. "ఆ రోజు పెండ్లి మంచిగయ్యిందా సారూ?" అన్నడు.

కాయితం నా చేతిలనే మడత పెట్టుకున్న.

"పేపర్ల మీ బొమ్మ వచ్చిందంట. గూడెంల చదువుకున్నోళ్ళు చూపించిన్రు. శాలువా మంచిగున్నది" అన్నడు. గొంతుల కోపం లేదు. ఉంటే నేను కాళ్ళ మీద పడేటోన్ని. కోపం లేని మనిషి కాళ్ళ మీద ఎట్ల పడతం?

లోపలికి పోయి ఫ్రేము తెచ్చిండు. పాత ఎర్ర చీర ముక్కల చుట్టి ఉన్నది. ఫోటోల తీగ మీద ఉన్న చీరనే అది. నా చేతులల్ల పెట్టిండు.

"మీ కాడనే ఉంచుకోండి సారూ. ఇందుల మా వాగు లేదు."

నేను చిన్న లెన్సుతోటి ఏ ఫోటో తియ్యలె. తియ్యమని ఆయన అనలె. బస్సుల ఆ ఫ్రేము ఒళ్ళె పెట్టుకోని కూసుంటే, పక్క సీటాయన గుడ్డ జరిపి చూసి, "అరే, ఎంత దగ్గరికొచ్చింది!" అన్నడు.

తెచ్చి స్టూడియోల కట్టిన. ఎందుకంటే, వచ్చిన ప్రతి మనిషికీ నిజం చెప్త, అదే నాకు శిక్ష అనుకున్న. వాగున్నది, రెండు కేకల దూరం ఉన్నది, నేను అబద్ధం రాసిన, ఒకాయన చేను పోయింది అని చెప్త అనుకున్న. సంతకం పెట్టిన కాయితం లెన్సు సంచి జేబులనే ఉన్నది. మా ఆవిడ దాని గురించి రెండుసార్లు అడిగింది, ఇప్పుడు అడుగుడు మానేసింది.

నిన్న కూడ ఒక పిల్ల వచ్చింది, హాల్‌టికెట్టు ఫోటో కోసం. తల దువ్వుకుంట గోడ దిక్కు చూసి, "సార్, దున్న నిజంగనే వాళ్ళింటి పెరట్లకొచ్చిందా?" అని అడిగింది.

"అవ్" అన్న. "గడ్డం జర పైకెత్తమ్మా" అని ఫ్లాష్ కొట్టిన.